సమస్య: వేడి పంచి పంచి వేడి యెక్కె

నిర్వాహకుడు: ఇది ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే, యతి వే–వే. కోపం, విరహం, జఠరాగ్ని వద్దు. ఈసారి కృష్ణబిలాలే వస్తువు.

ఏకాంతతార:

నల్లబిలము కాదు నలుపని హాకింగు
తేల్చె నాడు, కిరణ తేజ మొలుక
బరువు తగ్గ, చల్లబడు నని తలపోయ
వేడి పంచి పంచి వేడి యెక్కె

గణదర్శి: ధార బాగుంది. మూడో పాదంలో యతిస్థానం ‘చల్లబడు’ మధ్యలో పడింది. తప్పు కాదు గాని చదువుతుంటే నాలుక తట్టుకుంటుంది. నా పేచీ కాలంతో. హాకింగ్ చెప్పింది 1974లో, ‘యెక్కె’ అన్నది భూతకాలం. సూర్యుడంత బరువున్న బిలం ఉష్ణోగ్రత కెల్విన్‌లో పది కోట్లవ వంతులు ఆరు. చుట్టూ విశ్వమంతా 2.7 కెల్విన్ల దగ్గర ఉంది. అంటే ఆ బిలం ప్రస్తుతం పంచేదానికన్నా పుచ్చుకునేదే ఎక్కువ, పుచ్చుకున్న కొద్దీ మరింత చల్లబడుతుంది!

ఏకాంతతార: బరువు తగ్గితే వేడి పెరిగేదే కదా, నా బిలం కొండంత బరువుదే అనుకోండి గణదర్శి గారూ, పేచీ తీరిపోతుంది.

దశదిశ:

మూడు దిశల తోడ ముగియని లోకాన
దిక్కు పెరిగి పెరిగి తీరు మార
వ్యాస మొకటి యైన వడివడి కరగుచు
వేడి పంచి పంచి వేడి యెక్కె

నిర్వాహకుడు: ఎక్కినదేది? పద్యంలో కర్త లేదు. ‘దిక్కు పెరుగ బిలము తీరు మార’ అంటే గణాలు చెడవు, బిలమూ చేరుతుంది.

గణదర్శి: ఐన్‌స్టీన్ సమీకరణాలకు టాంఘర్లీనీ 1963లో ఇచ్చిన పరిష్కారం ప్రకారం, వ్యాసం ఒకటే అయితే స్థలకాలం ఐదు మితులదైనప్పుడు (మితి అంటే డైమెన్షన్, కాలంతో కలిపి మనవి నాలుగు) ఉష్ణోగ్రత నాలుగింటికి రెట్టింపు, పదింట ఏడు రెట్లు. అంతవరకు పద్యం నిజం. ‘వడివడి కరగుచు’ మాత్రం తొందరపాటు. ఆయుర్దాయానికి ద్రవ్యరాశి కావాలి. ఆ మితుల్లో గురుత్వ స్థిరాంకం ఎంతో చెప్పకుండా రెండు బిలాల బరువులు పోల్చలేం.

నీలకంధర: నేను సమస్యనే ప్రశ్నిస్తున్నాను.

ఐదు మితుల యందు నణువంత బిలమేమొ
చల్లబడుచు తుదకు శాంతి బొందు;
ఎన్ని సార్లు విన్న నిది యెట్టు లందురో
వేడి పంచి పంచి వేడి యెక్కె!

గణదర్శి: ఐ–అ స్వరయతి ముచ్చటగా కుదిరింది. శాస్త్రం సగమే కుదిరింది. ఐన్‌స్టీన్ సమీకరణాలు ఒక్కటే ఉంటే ఐదు మితుల్లోనూ బిలం వేడెక్కుతుంది. చల్లబడాలంటే వాటికి వక్రత వర్గాలతో కూడిన గాస్–బొన్నె పదం తోడవాలి. అప్పుడు బిలం కుంచించుకుపోయే కొద్దీ ఉష్ణోగ్రత ఒక గరిష్ఠం దాకా పెరిగి, ఆపైన సున్నా వైపు జారుతుంది. ద్రవ్యరాశి మాత్రం సున్నాకు చేరదు, ఒక కనిష్ఠం దగ్గరే ఆగుతుంది. మీరన్న శాంతి అదే. ఎంట్రోపీకి (అస్తవ్యస్తత కొలతకు) కూడా అక్కడ బిలం ఉపరితల వైశాల్యంలో నాలుగో వంతు సరిపోదు, మరో పదం కలపాలి. ఇదంతా మొదటి పాదంలో ఎక్కడుంది?

నీలకంధర: మొదటి రెండు పాదాలు మార్చాను.

గాసు, బొన్నె దిద్దు గణితాన నైదింట
చల్లబడును చిన్న జాతి బిలము;

నిర్వాహకుడు: నాకు ఇదే అన్నిటికన్నా నచ్చింది. సమస్యను ఒప్పుకోకుండా పూరించడం అవధానంలో పాత ఎత్తే అయినా, ఇక్కడ ఆ ధిక్కారానికి గణితం అండగా ఉంది.

గణదర్శి: ‘ఐదింట’ను మాత్రం వదలకండి. అదే గాస్–బొన్నె పదం ఉన్నా ఆరు మితుల్లో చిట్టిబిలం చివరికి మళ్లీ మండిపోతుంది.

దశదిశ: ఆ ఆరో మితి పూరణ నాకు వదిలేయండి. ఈసారి కర్తను మరిచిపోను.