సోమశిల ఒడ్డున గాలికి టార్పాలిన్ నిలవడం లేదు, సలహా చెప్పండి

ప్రశ్న: నమస్కారం. కొల్లాపూర్ దగ్గర సోమశిలలో, కృష్ణ ఒడ్డున రెండు వేపచెట్లకు హ్యామక్ ఊయల కట్టుకుని రాత్రి గడుపుతుంటాం. పైన 3 మీటర్ల నలుచదరం టార్పాలిన్. నీటి మీది నుంచి గాలి లేచిందంటే అది టపటపా కొట్టుకుంటుంది, దాని తాళ్లకు నేలలో కొట్టిన మేకులు ఊడతాయి, జల్లు ఒంటి మీద పడుతుంది. ఇంకా మందమైనది కొనాలా?

జవాబు: కొనకండి. మందం పెరిగితే మోసే బరువే పెరుగుతుంది. ముందు ఎత్తు తగ్గించండి. చెట్టు నుంచి చెట్టుకు టార్పాలిన్‌ను మోసే నడిమి తాడు ఊయల తాళ్లకు జానెడు పైన ఉంటే చాలు. దాని కింద నిలబడాలన్న ఆశ వదులుకోండి. గాలి వచ్చే వైపు అంచును నేలకు ఆనించి కట్టండి. వానాకాలంలో అక్కడ ఎక్కువగా పడమటి గాలి కాబట్టి, గాలి ఊయలకు అడ్డంగా తగిలే చెట్లు చూసుకోండి. తల వైపు నుంచి దూరితే టార్పాలిన్ పొట్ట ఉబ్బి పైకి లేస్తుంది.

ప్రశ్న: మరి మేకులు? అది ఇసుక కలిసిన నేల.

ఇంకొకరి జవాబు: అన్నా, అలాంటి నేలలో నేను మేకును నమ్మను. మూరెడు కట్టె నడుమ తాడు కట్టి, తాడు లాగే దిశకు అడ్డంగా గుంటలో పూడ్చి, మట్టి బాగా తొక్కి, పైన బండరాయి పెట్టండి. మేకే వాడాలనుకుంటే దాని తల టార్పాలిన్‌కు ఎడంగా వాలేలా కొట్టండి. తాడు పొడవుగా, నేలకు దగ్గరగా సాగాలి.

అన్నిటికన్నా పనికొచ్చేది పాత సైకిల్ ట్యూబు. తాడు తెంపకుండా కొంత వదులు వదిలి, ఆ వదులుకు రెండు కొసల్లో ట్యూబు ముక్క కట్టండి. గాలి విసురుకు ట్యూబు సాగి మళ్లీ దగ్గరికి వస్తుంది, కుదుపు మేకు దాకా పోదు. ట్యూబు తెగినా తాడు పట్టుకునే ఉంటుంది. నైలాన్ టార్పాలిన్ తడిస్తే సాగుతుంది కనుక వాన మొదలవగానే ఒకసారి లేచి బిగించండి.

ఉరుము వినబడితే మాత్రం చెట్టు కింద ఉండవద్దు, ఊళ్లోకి వెళ్లిపోండి. ఎండాకాలపు గాలిదుమారం ఎటు తిరుగుతుందో చెప్పలేం, ఏ కట్టూ దానికి భరోసా కాదు.

ప్రశ్న: ట్యూబు ఎంత పొడవుండాలి?

జవాబు: జానెడు చాలు. గాలి వైపు తాళ్లన్నిటికీ కట్టండి.