స్టాఫ్ మీటింగ్ వారం వారం పెట్టాలా, గ్రూపులో మెసేజ్ పెడితే చాలదా?

కొత్త హెచ్‌ఎం:
హెచ్‌ఎంగా నాకిది రెండో ఏడు. మా స్కూల్లో 28 మంది టీచర్లున్నారు. వారానికోసారి ఆఖరి బెల్ అయ్యాక గంటసేపు మీటింగ్ పెట్టడం ఎప్పట్నుంచో అలవాటు. రెండు నెలల క్రితం దాన్ని ఆపేసి, చెప్పాల్సినవన్నీ వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాను. సగం మంది హమ్మయ్య అనుకున్నారు. సీనియర్లు మాత్రం ‘మమ్మల్ని అడిగే నాథుడే లేడు’ అంటున్నారు. నేను చేసింది తప్పా?

లెక్కల సార్:
తప్పేం కాదు. 28 మంది గంట కూర్చుంటే పోయేది గంట కాదు, 28 గంటలు. అంతా చేసి అక్కడ జరిగేదేమిటి? సర్క్యులర్ చదివి వినిపించడం. పాఠాలు చెప్పేవాళ్లకి చదివి వినిపించడమేమిటండీ!

నల్లబల్ల:
మెసేజ్ పెడితే చదివినట్టేనా సార్? పోయినేడు మా స్కూల్లో యూనిట్ టెస్ట్ తేదీ మారిందని గ్రూపులో పెట్టారు. పాత తేదీన పొద్దున్నే ముగ్గురు టీచర్లు పేపర్ల కట్ట విప్పి కూర్చున్నారు. ముగ్గురి బొటనవేళ్లూ ఆ మెసేజ్ కింద ఉన్నాయి! ఇంత చదువుకుని వేలిముద్రలు వేస్తున్నాం.

లెక్కల సార్:
మీటింగులో మాత్రం వింటున్నారా? వెనక వరసలో పేపర్లు దిద్దుకుంటారు. నేనూ దిద్దాను.

లాస్ట్ బెల్:
రిటైరైన హెచ్‌ఎంని. మీరిద్దరూ సమాచారం దగ్గరే ఆగిపోయారు. తెలియజేయాల్సిన వాటికి కాగితం చాలు. మీటింగ్ పెట్టేది ఏదైనా తేల్చడానికి.

మొదటి మూడేళ్లు నేను అజెండాలో పన్నెండు అంశాలు పెట్టేవాణ్ణి, ఒక్కటీ తేలేది కాదు. 1957లో పార్కిన్‌సన్ అనే బ్రిటిష్ రచయిత ఒక కమిటీ కథ చెప్పాడు. అణు రియాక్టర్‌ని రెండున్నర నిమిషాల్లో ఆమోదించి, సైకిల్ షెడ్డు మీద ముప్పావుగంట వాదించుకుంటారట. రియాక్టర్ ఎవరికీ అర్థం కాదు, షెడ్డు గురించి అందరికీ తెలుసు. మా దగ్గరా అంతే. ఆరో తరగతికొచ్చినా చదవడం రాని పిల్లల సంగతి అయిదు నిమిషాల్లో ముగిసేది, గేటు డ్యూటీ ఎవరిదన్న గొడవ చీకటి పడేదాకా సాగేది.

తర్వాత ఒక్క ప్రశ్నే రాసి రెండు రోజుల ముందు అందరికీ ఇచ్చేవాణ్ణి. ‘ఆరో తరగతి రీడింగ్’ అని కాదు, ‘ఈ పిల్లలకి రోజూ ఏ పీరియడ్ ఇద్దాం? తన పీరియడ్ ఎవరు వదులుకుంటారు?’ అని.

ఇంకోటి, ముందుగా నేను మాట్లాడటం మానేశాను. హెచ్‌ఎం ‘నాకైతే ఇలా అనిపిస్తోంది’ అన్నాడంటే ఇక అందరూ తలలూపుతారు. అసలు మీటింగ్ ఆ తర్వాత స్టాఫ్‌రూములో, మనం లేనప్పుడు జరుగుతుంది. అందుకని మొదటి అయిదు నిమిషాలు అందరూ చీటీల మీద రాయాలి, సర్వీసులో జూనియర్ నుంచి మొదలుపెట్టి చదవాలి. మొదటిసారే, చేరి నాలుగు నెలలైన టీచరమ్మ ‘ఆఖరి పీరియడ్ వద్దు సార్, అప్పటికి వాళ్లు తూగుతుంటారు’ అని రాసింది. నా మనసులో ఉన్నది ఆఖరి పీరియడే.

నల్లబల్ల:
జూనియర్లతో మొదలుపెడితే సీనియర్లకి చిన్నతనంగా ఉండదా?

లాస్ట్ బెల్:
ఉంటుంది. ఒకాయన మూడు మీటింగుల్లో ఖాళీ చీటీ ఇచ్చారు. నేను ‘ఖాళీ’ అని చదివి పక్కన పెట్టాను. నాలుగోసారి రాశారు, అదీ రెండు వైపులా.

డస్టర్:
నిలబడి పెట్టుకుంటే? 1999లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధనలో కూర్చుని చేసిన మీటింగులు 34 శాతం ఎక్కువసేపు సాగాయి, నిర్ణయాలు మాత్రం మెరుగు పడలేదు.

నల్లబల్ల:
రోజంతా నిలబడి పాఠాలు చెప్పినవాళ్లని మళ్లీ నిలబెడతారా స్వామీ!

కొత్త హెచ్‌ఎం:
మరి నేను ముందే నిర్ణయించేసినవి?

లెక్కల సార్:
వాటిమీద ‘మీ అభిప్రాయం చెప్పండి’ అని మాత్రం అడక్కండి. ఒళ్లు మండుతుంది. మెసేజ్ పెట్టండి, వేలిముద్ర వేస్తాం.

కొత్త హెచ్‌ఎం:
సరే, వచ్చే వారం 40 నిమిషాలు, ఒక్కటే ప్రశ్న: పేరెంట్స్ మీటింగ్ మార్కులిచ్చే ముందు పెడదామా, ఇచ్చాకా? చీటీలు కోసి పెట్టాను.

నల్లబల్ల:
బాగుంది. ఎవరేం చేయాలో, ఎప్పటికల్లానో మినిట్స్‌లో రాసేదెవరు?

లెక్కల సార్:
నా వైపు చూడకండి.