కార్బన్ స్టీల్ కత్తి పార్సిల్: ఒర, మొన, నూనె

ప్రశ్న: 1095 స్టీల్ (తేలిగ్గా తుప్పు పట్టే ఒక కార్బన్ స్టీల్) వంటింటి కత్తిని తోలు ఒరలోనే పెట్టి కొరియర్ చేయొచ్చా? బయట వానలు. కొన్నవాళ్లకు కత్తి వెంట ఏం ఇవ్వాలి?

జవాబు: ఒరలో వద్దండీ. తోలు తేమను పట్టి ఉంచుతుంది, అలుగు మీద మచ్చలు పడతాయి. బాగా తుడిచి, ఫుడ్ గ్రేడ్ మినరల్ ఆయిల్ పలుచగా రాసి, వీసీఐ కాగితంలో (తుప్పును ఆపే ఆవిరిని వదిలే కాగితం) చుట్టండి. ఒర విడిగా పెట్టండి. వంటనూనెలు మాత్రం రాయకండి, కొన్నాళ్లకు జిగురెక్కి కంపు కొడతాయి.

ఇంకో జవాబు: మొన అసలు ప్రమాదం. కదిలితే పెట్టెను చీల్చుకొస్తుంది, విప్పేవాళ్ల చెయ్యి తెగుతుంది. మొనకు బెండు గుచ్చి, రెండు మందపాటి అట్టల మధ్య బిగించండి. పెట్టె ఊపితే చప్పుడు రాకూడదు.

మరొకరు: కత్తి వెంట కానుకల కంటే, ఎలా వాడాలో చెప్పే కార్డు ముఖ్యం. పదును కోణం రాయండి, ఉదాహరణకు ఒక్కో వైపు 15 డిగ్రీలు. ఎముకలు కొట్టొద్దని, నిమ్మ, చింతపండు తగిలితే వెంటనే కడిగి తుడవాలని చెప్పండి. వాడేకొద్దీ వచ్చే నీలి బూడిద రంగు తుప్పు కాదని కూడా రాయండి, ‘పాడైపోయింది’ అంటూ వచ్చే ఫోన్లు తగ్గుతాయి.