గండికోట వీఆర్ గది: బొమ్మ మసక, తల తిప్పడం, తప్పులు చెప్పే ఏఐ గైడు. ఎట్ల సరిచేయాలి?

పెన్నగట్టు (కడప)

అందరికీ నమస్తే. కడపలో ఒక కాలేజీ గదిలో గండికోటను వీఆర్‌లో (కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని అక్కడే ఉన్నట్టు చూసే పద్ధతి) చూపించే ఏర్పాటు చేస్తాండాం. మోకాళ్ల నొప్పులతో ఆ రాళ్లలో నడవలేని పెద్దవాళ్ల కోసం, బడిపిల్లల కోసం. మా దగ్గర నాలుగు మెటా కంపెనీ క్వెస్ట్ 3 హెడ్‌సెట్లు, ఒక 5.7కె 360 కెమెరా, ఒక ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరా, ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ ఉన్నాయి. లోయ అంచు, మాధవరాయ గుడి, జామియా మసీదు, ధాన్యాగారం చూపించాలని. తెలుగులో అడిగితే తెలుగులో చెప్పే ఏఐ గైడు కూడా పెట్టాలని.

360 కెమెరాతో తీసిన శాంపిల్ ఫోన్లో బాగుంది, హెడ్‌సెట్లో మసకగా కనపడతాంది. జాయ్‌స్టిక్‌తో గుడి చుట్టూ నడిపిస్తే తల తిప్పుతాంది అంటాండారు. ఇంగ గైడు సంగతి: "కోటలో చార్మినార్ ఎవరు కట్టించినారు" అని అడిగితే కులీ కుతుబ్ షా, 1591 అని ధైర్యంగా చెప్తాంది! అది హైదరాబాదుది కదప్పా. చివరిగా, కూలిన మండపాలను ఏఐతో పూర్తిచేసి చూపిస్తే బాగుంటుందని ఒకాయన సలహా. చేయొచ్చా?

రాతికొలత

మసక సంగతి లెక్కేస్తే తేలిపోతుంది. 5.7కె అంటే చుట్టూరా 360 డిగ్రీలకు కలిపి 5760 పిక్సెళ్లు. డిగ్రీకి 16. క్వెస్ట్ 3 తెర డిగ్రీకి 25 దాకా చూపించగలదు. అంటే తెర పట్టగలిగిన దాంట్లో మూడింట రెండొంతులే మీరు ఇస్తున్నారు. ఫోన్లో మొత్తం దృశ్యం అరచేతిలోకి కుదించుకుని కనిపిస్తుంది కాబట్టి అక్కడ తెలియదు. 8కె వీడియో తీసినా 21 దగ్గరే ఆగుతుంది. లోయ దగ్గర కదిలేది పెద్దగా ఏమీ లేదు. వీడియో వదిలేసి మిర్రర్‌లెస్‌తో స్టిల్ పనోరమా (చుట్టూ తీసిన ఫొటోలను అతికించి చేసే ఒకే పెద్ద బొమ్మ) తీయండి.

24 మి.మీ. లెన్సు, కెమెరా నిలువుగా, 36 డిగ్రీలకొక ఫొటో చొప్పున వరుసకు 10. మట్టంగా ఒక వరుస, 45 డిగ్రీలు పైకి ఒకటి, కిందికి ఒకటి, నెత్తిమీదికి ఒక ఫొటో, నేలకు ఒకటి. మొత్తం 32. హ్యూగిన్, పీటీగుయ్ సాఫ్ట్‌వేర్లలో దేంట్లోనైనా అతికించి 12000×6000కు కుదించండి. డిగ్రీకి 33 వస్తుంది, అంతకు మించి పెంచితే మెమరీ దండగే. పనోరమా హెడ్ తప్పనిసరి. కెమెరా తన ఒంటిని బట్టి కాక లెన్సులో కాంతి కలిసే బిందువు చుట్టూ తిరగాలి. లేదంటే దగ్గర్లో ఉన్న గోడ రాళ్లు అతుకు దగ్గర విరిగినట్టు కనిపిస్తాయి. కెమెరా ఎత్తు 1.2 మీటర్లు. చూసేవాళ్లు కుర్చీలో కూర్చుంటారు కదా, నిలువెత్తున తీస్తే నేల అదేదో దూరంగా ఉండి గాల్లో తేలినట్టుంటుంది.

అసలు సంగతి ఇంకొకటుంది. లోయకు పనోరమా చాలు, గుడికి చాలదు. రెండు కళ్ల మధ్య దూరం సుమారు 6.3 సెం.మీ. మీటరు దూరంలో ఉన్న స్తంభాన్ని రెండు కళ్లు చూసే కోణంలో తేడా 3.6 డిగ్రీలు. 20 మీటర్ల అవతల అది 0.2 డిగ్రీ కూడా ఉండదు. పెన్నకు అవతలి గట్టు చదును బొమ్మయినా మెదడు నమ్మేస్తుంది. అరచేతి దూరంలో ఉన్న స్తంభంమీది శిల్పం చదునుగా ఉంటే గోడకు అంటించిన పోస్టరులా ఉంటుంది. కాబట్టి మండపం లోపలికి ఫొటోగ్రామెట్రీ (చాలా కోణాల ఫొటోలనుంచి 3డి మోడల్ కట్టడం) చేయాల్సిందే.

దానికి మబ్బుపట్టిన పొద్దు మంచిది. ఎండ ఉంటే తీస్తున్నంతసేపూ నీడ జరుగుతుంది, ఆ నీడ రాతిమీద మరకలా మోడల్లో ఉండిపోతుంది. ఒక్కో స్తంభం చుట్టూ 10–15 డిగ్రీలకొక ఫొటో, మూడు ఎత్తుల్లో. పక్కపక్క ఫొటోల్లో 70–80 శాతం ఒకటే భాగం పడాలి. ఎఫ్/8, ఐఎస్ఓ 400 దాటకుండా, లోపలి చీకటికి ట్రైపాడ్. వైట్ బ్యాలెన్సూ ఎక్స్‌పోజరూ లాక్ చేయండి, ఫ్లాష్ వద్దు. మీటరు కొలబద్ద రెండు దిక్కుల్లో నేలమీద పెట్టి తీయకపోతే మోడల్‌కు కొలత ఉండదు, హెడ్‌సెట్లో గుడి బొమ్మరిల్లంత అయినా కావచ్చు. ఫొటోలను రియాలిటీస్కాన్ (పాత పేరు రియాలిటీక్యాప్చర్) లేదా మెటాషేప్ సాఫ్ట్‌వేర్‌లో వేయండి. 3డి మోడల్ చిన్న చిన్న త్రిభుజాల అల్లిక, వచ్చే కోట్ల త్రిభుజాలను అట్లాగే హెడ్‌సెట్లోకి తోయకండి. ఒక చూపులో కనిపించేవన్నీ కలిపి 7–10 లక్షల్లోపు పెట్టుకుని, శిల్పాల సన్నని వివరం నార్మల్ మ్యాప్‌లోకి (చదునైన చోట ఎత్తుపల్లాలు ఉన్నట్టు వెలుగునీడలు చూపించే బొమ్మ) బేక్ చేయండి, అంటే ఎక్కించండి.

2023లో వచ్చిన గాసియన్ స్ప్లాటింగ్ (ఫొటోలనుంచి త్రిభుజాలకు బదులు రంగు చుక్కలతో దృశ్యం కట్టే పద్ధతి) గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు. చెట్లు, గడ్డి, ఇనుప కంచె లాంటి సన్నవాటికి అది ఫొటోగ్రామెట్రీకంటే మేలు. కానీ కెమెరా తిరిగిన దారి దాటి పక్కకు పోతే గాల్లో దూదిపింజల్లా మచ్చలు తేలుతాయి. పైగా పారదర్శకమైన లక్షల చుక్కలను ప్రతి ఫ్రేముకూ వరుస పెట్టాలి కాబట్టి హెడ్‌సెట్ ఒక్కటే మోయలేదు. చుక్కలను బాగా తగ్గించండి, లేదా కంప్యూటర్‌కు కలిపి నడపండి.

గండికోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ట్రైపాడ్‌కూ డ్రోన్‌కూ ముందే అనుమతి రాయించుకుని పోండి.

లోచెవి (అనంతపురం)

తల తిప్పడానికి జాయ్‌స్టిక్కే కారణం. కన్ను నడుస్తున్నామంటుంది, లోచెవి కూర్చున్నామంటుంది. ఆ తగాదాలో ఓడేది కడుపు. నడక తీసేసి టెలిపోర్ట్ పెట్టండి. చూపించిన చోటికి దూకేటప్పుడు 0.2 సెకను నల్లగా ఫేడ్ ఇవ్వండి. తిరగడం కూడా జారినట్టు కాకుండా 30 లేదా 45 డిగ్రీల ముక్కలుగా ఉండాలి. చక్రాలు లేని, గుండ్రంగా తిరిగే కుర్చీ వేస్తే అదీ అక్కర్లేదు, మనిషే తిరుగుతాడు. డ్రోన్ వీడియోను హెడ్‌సెట్లో వేయాలనే ఆశ ఉంటే చంపుకోండి, దానికంటే తల తిప్పేది ఇంకోటి లేదు. గోడమీద టీవీలో వేసుకోండి.

ఫ్రేములు సెకనుకు 72 తగ్గకూడదు. సగటు 72 ఉండి మధ్యమధ్యలో 50కి పడిపోతే లాభం లేదు, ఆ పడిపోవడమే తిప్పుతుంది. పనోరమాలో దిక్చక్రం (నేల, ఆకాశం కలిసే గీత) ఒక డిగ్రీ వాలినా మనిషి తెలియకుండానే పక్కకు ఒరుగుతాడు, అతికించేటప్పుడు మట్టం సరిచూడండి. పెట్టిన ప్రతిసారీ హెడ్‌సెట్‌కున్న చక్రం తిప్పి లెన్సుల మధ్య దూరాన్ని ఆ మనిషి కళ్ల దూరానికి సరిచేయాలి. కళ్లద్దాలుంటే లెన్సు లోతు వెనక్కి జరపాలి, లేకుంటే రెండు అద్దాలూ గీసుకుపోతాయి.

ఆవలింతలు, నోట్లో నీళ్లూరడం, నుదుట చెమట. ఇవి కనిపించిన వెంటనే హెడ్‌సెట్ తీసేయండి, "ఇంకొంచెంసేపు చూడు" అనొద్దు. మొదటిసారి వాళ్లకు 5–7 నిమిషాలు చాలు. లోయ అంచుతో మొదలుపెట్టకండి. మండపం లోపల రెండు నిమిషాలు అలవాటయ్యాక అంచుకు తీసుకుపోండి. అక్కడ ఎంత ధైర్యవంతుడికైనా కాళ్లు బిగుసుకుంటాయి, నిలబడితే తూలుతాడు. పెద్దవాళ్లకు పక్కన ఒక మనిషి తప్పనిసరి. తల తిరిగినవాళ్లను అది తగ్గేదాకా బండి ఎక్కనివ్వకండి. మూర్ఛ ఉన్నవాళ్లకు అసలు పెట్టొద్దు.

మన ఎండలకు ఇంకో జాగ్రత్త. హెడ్‌సెట్ లెన్సులు భూతద్దాలే. కిటికీ దగ్గర బల్లమీద లెన్సులు పైకి పెట్టి పోతే కొద్దిసేపటికే ఎండ తెరను కాల్చేస్తుంది, ఆ మచ్చ ఇంక పోదు. పాత గోనెసంచి కప్పినా చాలు గానీ ఎండ మాత్రం తగలకూడదు. మే నెలలో ఏసీ లేని గదిలో వరసగా నడిపితే చిప్పు వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది, మళ్లీ ఫ్రేములు పడతాయి. రెండు నడుస్తుంటే రెండు చల్లారేలా తిప్పండి. ఛార్జి ఎట్లాగూ రెండు గంటల దరిదాపే వస్తుంది. ముఖానికి ఫ్యాన్ గాలి తగిలేటట్టు పెడితే వికారం కూడా కొంత తగ్గుతుంది. ముఖం తగిలే చోట స్పాంజి కాకుండా సిలికాన్ కవర్ వేసి మనిషి మనిషికీ తుడవండి. లెన్సును మాత్రం పొడి మైక్రోఫైబర్ గుడ్డతోనే తుడవాలి. స్పిరిట్ తగిలితే పైపూత పోతుంది.

తెల్లసున్నం గోడల గది అయితే హెడ్‌సెట్ కెమెరాలకు గుర్తుపట్టడానికి ఏమీ దొరక్క ట్రాకింగ్ (తను ఎక్కడుందో తెలుసుకోవడం) జారుతుంది. గోడకు నాలుగు క్యాలెండర్లు తగిలించండి.

మాటలమిల్లు

గైడు చెప్పింది అబద్ధం కాదు, అది వేరే ప్రశ్నకు సరైన జవాబు. ఏఐ మోడల్ నేర్చుకున్న పాఠంలో చార్మినార్ అన్న మాట పక్కన హైదరాబాదు లక్షలసార్లు వచ్చి ఉంటుంది, గండికోట ఎన్నిసార్లు వచ్చుంటుంది? ప్రాంప్ట్‌లో (ఏఐకి ముందే ఇచ్చే సూచన) "నువ్వు గండికోట గైడువి" అని రాసినంత మాత్రాన ఇది పోదు.

నా సలహా: ఏఐని వెతకడానికి వాడండి, చెప్పడానికి వాడొద్దు. చరిత్ర తెలిసినవాళ్ల చేత 80–100 జవాబులు రాయించండి, ఒక్కోటి 40–60 మాటలు, ఒక జవాబులో ఒకటే సంగతి. వాటిని కడప గొంతుతో ఒక మనిషి చేత చదివించి రికార్డు చేయండి. అడిగిన ప్రశ్నకు ఏ జవాబు దగ్గరో ఎంబెడింగ్ మోడల్ (వాక్యాల అర్థాన్ని అంకెలుగా మార్చి పోల్చేది) తేలుస్తుంది. దగ్గరితనం ఒక హద్దు దాటకపోతే "అది నాకు తెలియదు, ఇవి అడగండి" అని మూడు ప్రశ్నలు చూపించాలి. ఒక్కో జవాబుకు పది పన్నెండు రకాల అడిగే తీర్లు రాసిపెట్టుకోండి. "కోట ఎవరిది", "ఎవురు కట్టినారు", "యా రాజు కాలం" అన్నీ ఒకచోటికే రావాలి. చార్మినార్ జవాబు ముందు మాటే "హైదరాబాదుది కాదు, ఇక్కడ కోటలోని కట్టడాన్ని జనం ఆ పేరుతో పిలుస్తారు" అని మొదలవ్వాలి.

మాటను అక్షరం చేసే చోట ఎక్కువ దెబ్బ తగులుతుంది. ఓపెన్ఏఐ వాళ్ల విస్పర్ అనే మోడల్‌కు తెలుగు అంతంతమాత్రం. మద్రాసు ఐఐటీ ఏఐ4భారత్ వాళ్ల ఇండిక్ మోడళ్లు మెరుగు, కేంద్ర ప్రభుత్వ భాషా వేదిక భాషిణి ద్వారా కూడా సేవలు దొరుకుతాయి. అయినా పత్రికల భాష విన్న మోడల్‌కు "యాడుంది", "ఎట్లొచ్చినారు" కొత్తే. "మాధవరాయ"ను "మాధవరావు" అని రాయడం మామూలు. పెమ్మసాని, మీర్ జుమ్లా, మైలవరం, జమ్మలమడుగు లాంటి పేర్లు ఒక జాబితాగా ఇచ్చి, దగ్గరి శబ్దాన్ని ఆ జాబితాకు సర్దే మెట్టు ఒకటి మధ్యలో పెట్టండి.

నలుగురు ఒకే గదిలో మాట్లాడితే ఒకరి మైకులో ఇంకొకరి ప్రశ్న పడుతుంది. ట్రిగ్గర్ నొక్కి పట్టుకున్నంతసేపే వినేలా చేయండి. జవాబు మొదలవడానికి 1.5 సెకన్లు దాటితే జనం మళ్లీ అడుగుతారు, రెండు ప్రశ్నలూ కలిసిపోతాయి. రికార్డు చేసిన గొంతయితే ఈ ఆలస్యంలో కొంత పోతుంది. మోడల్‌ను అదే కంప్యూటర్లో పెట్టి 5 గిగాహెర్ట్జ్ వైఫైతో కలపండి, కాలేజీ నెట్‌ను నమ్ముకోవద్దు.

కంప్యూటర్ గొంతే వాడాలనుకుంటే అంకెలు ముందే అక్షరాల్లో రాయండి. 1652 అని వదిలేస్తే ఒకసారి ఇంగ్లిషులో, ఒకసారి "వెయ్యిన్నూట" అంటూ తికమకగా చదువుతుంది. "క్రీ.శ." అని రాస్తే క్రీ, శ అని రెండు ముక్కలు చేస్తుంది.

శాసనాలపిచ్చి (ప్రొద్దుటూరు)

కూలిన మండపాన్ని ఏఐతో నింపడం గురించి ఎవరూ మాట్లాడలేదు. నింపొద్దు అంటాను. బొమ్మలు గీసే మోడల్ ఒక్కో కోణానికి ఒక్కో రకంగా గీస్తుంది. ముందునుంచి యాళి ఉన్నచోట పక్కనుంచి ఏనుగు కనిపిస్తుంది. శిల్పాల వేళ్లు కరిగిపోతాయి, విజయనగర కాలం పని మీద ఎక్కడివో రంగుల గోపురాలు వచ్చి కూర్చుంటాయి.

దానికంటే పెద్ద చిక్కు, చూసినవాళ్లకు అదే గుర్తుండిపోతుంది. 2009లో సెగోవియా, బెయిలెన్సన్ స్టాన్‌ఫర్డ్‌లో చేసిన పరిశోధనలో, తిమింగలాలతో తామే ఈదుతున్నట్టు వీఆర్‌లో చూసిన ప్రాథమిక బడి పిల్లల్లో కొందరు, కొన్నాళ్ల తర్వాత అడిగితే అది నిజంగా జరిగిందనే చెప్పారు. గండికోటకు ఎన్నడూ పోని పిల్లకు మీరు చూపించిందే గండికోట.

రాతికొలత

పూర్తిగా వద్దనడం కూడా సరికాదేమో సార్. మొండి గోడలే చూపిస్తే పిల్లలు నిమిషంలో హెడ్‌సెట్ తీసేస్తారు. పడిపోయిన స్తంభానికి అదే మండపంలో చెక్కుచెదరని జోడు ఉంటే దాన్ని స్కాన్ చేసి నకలు పెట్టండి, ఏఐ అక్కర్లేదు. ఆ నకలును మాత్రం బూడిద రంగులో, సగం పారదర్శకంగా చూపించి, బటన్ నొక్కినప్పుడే కనపడేలా, వదిలితే పోయేలా చేయండి. చారిత్రక కట్టడాలను కంప్యూటర్లో చూపించడానికి రాసుకున్న నియమాలు, 2009లో సవరించిన లండన్ చార్టర్ అడిగేది కూడా ఇదే: ఏది ఆధారం, ఏది ఊహ అన్నది చూసేవాడికి తెలియాలి. ఏ స్తంభాన్ని దేన్నుంచి తీసుకున్నదీ ఒక ఎక్సెల్ షీట్‌లో రాసిపెట్టుకోండి.

శాసనాలపిచ్చి (ప్రొద్దుటూరు)

బూడిద రంగుకు నేను ఒప్పుకుంటా. పైకప్పుకు జోడు ఉండదు కదా, దాన్ని ఖాళీగానే వదలండి.

పెన్నగట్టు (కడప)

శానా సంతోషం అన్నా అందరికీ. లోయకు పనోరమా, గుడికి ఫొటోగ్రామెట్రీ, గైడుకు రికార్డు గొంతు. అట్లే చేస్తాం. ఒక్కటే మిగిలింది: పిల్లలకు ఎన్నేళ్లనుంచి పెట్టొచ్చు?

లోచెవి (అనంతపురం)

మెటా నిబంధన ప్రకారం 10 ఏళ్లు నిండాలి, 10–12 వాళ్లకు తల్లిదండ్రుల అజమాయిషీలో ఉండే ఖాతా. బడినుంచి వచ్చేవాళ్లకు ముందే ఇంటికి కాగితం పంపి సంతకం తీసుకోండి. అయిదో తరగతి లోపు పిల్లలకు అదే దృశ్యం టీవీలో కాస్టింగ్ చేసి చూపించండి.