ట్యూన్ పుడుతోంది, పాట పూర్తవడం లేదు: మీరు ఏ వరసలో పని చేస్తారు?

శృతిపెట్టె
అందరికీ నమస్కారం. ఉద్యోగం నుంచి వచ్చాక రాత్రిపూట ఇంట్లో పాటలు చేసుకుంటాను. లాప్‌టాప్, రీపర్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్), కంప్యూటర్‌లోని సౌండ్లు వాయించే చిన్న మిడి కీబోర్డు, ఒక కండెన్సర్ మైకు ఉన్నాయి. పల్లవులు బాగానే వస్తున్నాయి కానీ చరణం దగ్గర ఆగిపోతున్నాను. వెనకాల సాగే ప్యాడ్ సౌండ్ ఏది పెట్టాలి, డ్రమ్స్‌లో ఏ కిక్ బాగుంటుంది అని వెతకడంతోనే సమయమంతా అయిపోతోంది, మర్నాటికి ట్యూన్ మీద మోజు పోతోంది. భజన, ప్రైవేటు ఆల్బమ్, షార్ట్ ఫిల్మ్, ఏది చేసేవాళ్లయినా సరే, మొదటి హమ్మింగ్ నుంచి మిక్స్ దాకా మీ పద్ధతి చెప్పండి.

బెజవాడ_కీస్
సౌండ్ వెతుకులాటనీ ట్యూన్ కట్టడాన్నీ ఒకే పూట పెట్టుకోకండి. ఇదొక్కటి మారిస్తే సగం పని తేలికవుతుంది. పల్లవి, చరణం రెండూ తేలేదాకా నేను హార్మోనియం వదలను. సిస్టమ్ మీద చేసినా ఒక్క పియానో సౌండే. ఫోన్‌లో రికార్డు చేసేటప్పుడు ముందుగా "రెండు శృతి, తిశ్రగతి, మోహన" అని శృతి, నడక, రాగం నోటితో చెప్పేస్తాను. ఎన్నాళ్ల తర్వాత విన్నా వెంటనే అందుకోవచ్చు.

చరణం రాకపోతే పల్లవి ఏ స్థాయిలో తిరుగుతోందో చూడండి. షడ్జం (స), పంచమం (ప) మధ్యే ఉంటే చరణాన్ని పంచమం మీద ఎత్తుకుని తారషడ్జం (పై స) దాకా తీసుకెళ్లండి. కీర్తనల్లో అనుపల్లవి చాలాసార్లు చేసే పని ఇదే కదా. అక్కడి నుంచి మళ్లీ పల్లవి ఎత్తుగడలోకి ఎలా దిగాలో ముందే పాడి చూసుకోండి. ఆ దారి దొరికితే మధ్యలో లైన్లు వచ్చేస్తాయి.

ఐదున్నర_శృతి
ట్రాకులు పాడే మనిషిగా ఒక విన్నపం. అరేంజ్‌మెంట్ అంతా అయ్యాక "మేడమ్, అరశృతి తగ్గించమంటారా?" అని అడుగుతారు. మిడి ట్రాకులైతే ట్రాన్స్‌పోజ్ చేస్తే సరిపోతుంది. అప్పటికే వాయించి రికార్డు చేసిన ఫ్లూటు సంగతేంటి? దాని పిచ్ మారిస్తే గాలి శబ్దం కూడా మారి కృత్రిమంగా వినిపిస్తుంది.

ఆడగొంతుకు ఐదు, ఐదున్నర, మగగొంతుకు ఒకటి, ఒకటిన్నర అంటారు గానీ అది ఎక్కువగా కచేరీ లెక్క. మీ ట్యూన్ పైకి ఎక్కడిదాకా వెళ్తోందో అదే ఇక్కడ ముఖ్యం. అన్నిటికన్నా పై లైను, అన్నిటికన్నా కింది లైను పాడి వాట్సాప్‌లో పంపమని సింగర్‌ని అడగండి. శృతి ఖాయం చేసుకున్నాకే వాద్యాల జోలికి వెళ్లండి.

పదం_రాసేవాడు
ఐదున్నర శృతి గారి మాటకు నాదో చేర్పు. లిరిక్ రాసేవాళ్లకి తానన తాననలతో ట్యూన్ పంపేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. స్వరం సాగే చోట "తా" అని, గబగబా వెళ్లే చోట "త" అని స్పష్టంగా పాడండి. మేము గురువు, లఘువు చూసుకునేది అక్కడే. సాగే స్వరం మీద హ్రస్వాక్షరం పడితే "మనసు" కాస్తా "మనాసు" అయిపోతుంది, వినేవాడికి ముల్లులా గుచ్చుకుంటుంది. తారస్థాయిలో నిలబెట్టే చోట "ఆ" లాంటి అచ్చు పడితే పాడేవాళ్లకి హాయి. అది కావాలనుకుంటే ముందే చెప్పండి, పాట అంతా రాశాక కాదు.

శృతిపెట్టె
చాలా ఉపయోగపడే మాటలు, ధన్యవాదాలు. ఇంకో సందేహం. వీణ సౌండ్‌తో తోడి రాగంలో చిన్న ఇంటర్‌లూడ్ ప్రయత్నిస్తున్నాను. గాంధారం (గ) నొక్కితే కీబోర్డులా చప్పగా మోగుతోంది. ఏం చేయాలి?

ఖమ్మం_రికార్డిస్ట్
తోడి గాంధారం ఊగాలండీ, ఒకచోట నిలబడితే రాగమే వినపడదు. కీబోర్డు మీద స్వరాన్ని పైకీ కిందికీ వంచే పిచ్ బెండ్ వీల్‌తో చేయొచ్చు. చాలా ప్లగిన్‌లలో దాని రేంజ్ మామూలుగా అటూ ఇటూ 2 సెమిటోన్లే (పక్కపక్క కీల మధ్య దూరం ఒక సెమిటోన్) ఉంటుంది. గాంధారం నుంచి పైకి మధ్యమం, కిందికి శుద్ధరిషభం సరిగ్గా ఆ దూరంలోనే ఉంటాయి కాబట్టి ఆ ఊపుకు, అంటే కంపితానికి, అది చాలు. షడ్జం నుంచి పంచమానికి జారు కావాలంటే 7 సెమిటోన్లు పడతాయి, రేంజ్ 12 పెట్టుకోండి. మౌసుతో గీతలు గీయకుండా పాడుకుంటూ వీల్ తిప్పి రికార్డు చేయండి, స్వరాల్ని తాళానికి సర్దేసే క్వాంటైజ్ ఆపేయండి. ఇంత చేసినా వీణ వాయించేవాళ్లు దొరికితే నాలుగు బార్లు వాళ్ల చేత వాయించుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

సౌండ్ల వెతుకులాటకు మందు టెంప్లేట్. తబలా, ఢోలక్, బేస్, స్ట్రింగ్స్, ప్యాడ్, వోకల్, ఒక్కోదానికి మీకు నచ్చిన సౌండ్ ఒకటి పెట్టి, అన్నిటికీ గది మోతనిచ్చే రివర్బ్ బస్ కలిపి సేవ్ చేసుకోండి. కొత్త పాట ఎప్పుడూ అక్కడి నుంచే మొదలవ్వాలి, సౌండ్లు మార్చడం చివర్లో. వాయించేటప్పుడు బఫర్ (కంప్యూటర్ ఒక్కసారి తీసుకునే శాంపిళ్లు) 128 ఉంచండి, ఆలస్యం తగ్గుతుంది, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక్కో బఫర్ 3 మిల్లీసెకన్ల లోపే. మిక్స్‌కి 1024 చేసుకోండి. లాప్‌టాప్ మొరాయిస్తే బరువైన ట్రాకుల్ని ఫ్రీజ్ చేయండి (తాత్కాలికంగా ఆడియోగా మార్చి పెట్టండి).

రీరికార్డింగ్_పిచ్చి
షార్ట్ ఫిల్మ్‌లు చేసేవాళ్లకి: ఎడిట్ లాక్ కాకుండా (ఇక కోతలు లేవని తేలకుండా) బీజీఎం, అంటే నేపథ్య సంగీతం, మొదలుపెట్టకండి. మూడు సెకన్లు కోసినా మీరు కట్టిన ఎత్తుగడ తప్పిపోతుంది. టైమ్‌కోడ్ (నడుస్తున్న సమయం) తెర మీద కనిపించే వీడియో అడిగి తీసుకోండి, ప్రాజెక్టు 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టండి. తర్వాత సీన్ కొలిచి టెంపో ఎంచుకోండి. 18 సెకన్ల సీన్ అయితే నిమిషానికి 80 బీట్ల టెంపోలో, నాలుగు బీట్ల బార్ 3 సెకన్లు, అంటే సరిగ్గా 6 బార్లు.

శృతిపెట్టె
మరి డైలాగు మధ్యలో వస్తే?

రీరికార్డింగ్_పిచ్చి
అక్కడ మెలడీ ఆపేసి శృతి మాత్రం నిలబెట్టండి. ఫ్లూటు, వయొలిన్ గొంతు ఉండే స్థాయిలోనే మోగుతాయి కాబట్టి మాటను మింగేస్తాయి. డైలాగు ట్రాకు విడిగా ఇమ్మని ఎడిటర్‌ని అడగండి, దాన్ని వింటూ వాయించుకుంటే ఎక్కడ ఖాళీ ఉందో మీకే తెలుస్తుంది.