చిన్న జాతి కుక్కను లీష్ లేకుండా ఎప్పుడు వదలవచ్చు?

ప్రశ్న – బెళ్ళందూరు (బెంగళూరు) నివాసి

మా ఇంట్లో 10 నెలల డాక్స్‌హండ్ ఆడ కుక్కపిల్ల ఉంది. బరువు 6 కిలోలకు కాస్త తక్కువే. టీకాలన్నీ సకాలంలో వేయించాము, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ మాత్రం ఇంకా చేయించలేదు. ఇంట్లో ఏ గదిలో ఉన్నా పేరు పెట్టి పిలిస్తే చెవులు ఊపుకుంటూ పరుగెత్తుకొస్తుంది, అపార్ట్‌మెంట్ కారిడార్‌లో కూడా మాట వింటుంది. మా భవనం వెనుక ఒక ఖాళీ లేఅవుట్ ఉంది. దానికి మూడు వైపులా ప్రహరీ, నాలుగో వైపు రోడ్డు. ‘మూగజీవాన్ని ఎంతకాలమని తాడు కట్టి తిప్పుతారు, కాసేపు అక్కడ వదిలితే దాని ప్రాణం సుఖపడుతుంది కదా’ అని మా అత్తగారు అంటున్నారు. ఆమె మాటలోనూ న్యాయం ఉందనిపిస్తోంది. ఏ వయసు వచ్చాక, ఏ లక్షణాలు చూసి లీష్ విప్పవచ్చో అనుభవం ఉన్నవారు తెలియజేయగలరని మనవి.

సమాధానం – హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్ వాసి

మీ అత్తగారి జాలిని నేను కాదనను, కానీ ఆమె చూపిన స్థలం మాత్రం వద్దు. రోడ్డు వైపు తెరిచి ఉన్నంత వరకు మిగతా మూడు గోడలు ఉన్నా లేనట్టే.

ఇది వయసును బట్టి తేలే విషయం కాదు. సుమారు 6 నెలల నుంచి ఏడాదిన్నర వరకు కుక్కలకు యౌవన దశ. అంతకుముందు చక్కగా విన్న పిల్ల కూడా ఈ కాలంలో పిలుపును లక్ష్యపెట్టకపోవడం మామూలే. పైగా డాక్స్‌హండ్ అనేది జర్మనీలో నేల బొరియల్లో దూరి, అక్కడ నివసించే బ్యాడ్జర్లనే జంతువులను వేటాడేందుకు రూపొందించిన జాతి. చీకటి బొరియలో యజమాని ఆజ్ఞ కోసం ఎదురుచూడకుండా తన నిర్ణయం తానే తీసుకునే కుక్కనే ఆ వేటగాళ్లు ఎంచి పెంచారు కాబట్టి, ఈనాడు చెట్టెక్కుతున్న ఉడుతను చూసి అది మన మాట పెడచెవిన పెడితే ఆశ్చర్యపోనక్కరలేదు. ఇంట్లో పిలిస్తే రావడం పరీక్ష కిందకు రాదు, ఎందుకంటే ఇంట్లో దానికి మీకంటే ఆసక్తికరమైనది ఏదీ లేదు. ఉడుతో, మరో కుక్కో, ఎవరో పారేసిన బిర్యానీ ఎముకో కళ్లముందు ఉన్నప్పుడు మొదటి పిలుపుకే వెనక్కి తిరుగుతుందా అన్నది చూడాలి.

దాన్ని తేల్చుకోవడానికి పొడవాటి తాడుతో సాధన చేయించండి. 5 మీటర్లతో మొదలుపెట్టి, మీ చేయి అలవాటుపడ్డాక 10 మీటర్ల వరకు వెళ్లవచ్చు. తాడును హార్నెస్‌కే (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీకే) తగిలించాలి. మెడపట్టీకి తగిలిస్తే, పరుగులో ఉన్న కుక్క తాడు చివరికి చేరినప్పుడు ఆ కుదుపంతా మెడ మీద పడుతుంది, ఈ జాతికి వెన్నుపూసల మధ్య డిస్కులు దెబ్బతినే ముప్పు అసలే ఎక్కువ. తాడును చేతికి చుట్టుకోకండి. లాగితే సాగి, బటన్ నొక్కితే ఆగే లీష్ ఈ పనికి పనికిరాదు, అది ఎప్పుడూ కాస్త బిగువుగానే ఉండి, లాగితేనే ముందుకు వెళ్లగలనని కుక్కకు నేర్పుతుంది.

ఇక పిలిచే తీరు గురించి. ఇంట్లో ఒకరు ‘రా’ అని, పిల్లలు ‘కమ్’ అని, పనికి వచ్చే ఆమె కన్నడంలో ‘బా’ అని పిలుస్తుంటే కుక్కకు ఏదీ స్థిరపడదు, కాబట్టి అందరూ ఒకే మాట ఖాయం చేసుకోండి. దాన్ని ఒక్కసారే అనండి. రాకపోతే మళ్లీ మళ్లీ అరవకుండా తాడు పట్టుకుని దగ్గరకు నడవండి. స్నానానికో, గోళ్లు కత్తిరించడానికో, మందలించడానికో ఆ మాటను ఎన్నడూ వాడకండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఇంటికి బయలుదేరేటప్పుడు మాత్రమే పిలిచే యజమానుల కుక్కలు, పిలుపంటే ఆట ముగిసిందని చాలా త్వరగా గ్రహిస్తాయి. అందుచేత ఆట మధ్యలో పిలిచి, హార్నెస్ పట్టుకుని, ఉడికించిన చికెన్ ముక్క పెట్టి, మళ్లీ ఆడుకోనివ్వండి. ముందు పట్టుకుని ఆ తరువాతే ముక్క పెట్టమనడానికి కారణం ఉంది: లేకపోతే ముక్క అందుకుని చేతికి చిక్కకుండా తప్పించుకోవడమే దానికి కొత్త ఆటవుతుంది. డాక్స్‌హండ్‌లకు ఈ విద్య ఎవరూ నేర్పనక్కరలేదు.

ఇలా కొన్ని వారాల పాటు వేర్వేరు చోట్ల, వేర్వేరు వేళల్లో, తాడు బిగిసే అవసరం రాకుండా మొదటి పిలుపుకే వస్తుంటే, అప్పుడు తాడును చేతిలోంచి వదిలి నేల మీద ఈడ్చుకుంటూ తిరగనివ్వండి. విప్పడం దాని తరువాతి మాట, అదీ నాలుగు వైపులా కంచె ఉన్న చోట మాత్రమే. కబ్బన్ పార్కులో కుక్కల కోసం కేటాయించిన ఆవరణ అటువంటిది. పార్కు మిగతా భాగంలో లీష్ ఉండవలసిందే. లాల్‌బాగ్‌లో కుక్కలకు ప్రవేశమే లేదు.

సమాధానం – జయనగర్ వాసి

పశువైద్యశాలలో పనిచేసే వ్యక్తిగా ఒక విషయం చేర్చదలచాను. పెద్ద కుక్క చిన్న కుక్కను కరిచినప్పుడు తరచుగా నోట పట్టి ఎత్తి విదిలిస్తుంది. బయట చర్మం మీద రెండు చిన్న కోరగాట్లే కనిపిస్తాయి. లోపల కండరాలు చిరిగి, పక్కటెముకలు విరిగి, ఊపిరితిత్తికో పేగులకో దెబ్బ తగిలి ఉండవచ్చు. లేచి నడుస్తోంది కదా అని పసుపు రాసి ఊరుకోకుండా వెంటనే వైద్యుడికి చూపించాలి, రేబీస్ బూస్టర్ టీకా గురించి కూడా ఆయన్నే అడగాలి. కంచె ఉన్న ఆవరణలోనైనా, లోపల ఎటువంటి కుక్కలు ఉన్నాయో చూసుకున్నాకే వదలండి. కీచుమంటూ పరుగెత్తే చిన్న ప్రాణి, అప్పటిదాకా స్నేహంగా ఆడుతున్న పెద్ద కుక్కలో సైతం వేట ప్రవృత్తిని రేపగలదు.

మీ కుక్కకు ఆపరేషన్ కాలేదన్నారు. ఈ వయసులో మొదటి హీట్ (ఎదకు రావడం) ఎప్పుడైనా రావచ్చు, అది సాధారణంగా 3 వారాల వరకు ఉంటుంది. ఆ రోజుల్లో ఎక్కడా విప్పకూడదు, కుక్కల ఆవరణకు అసలు తీసుకెళ్లకూడదు.

సమాధానం – ఫ్రేజర్ టౌన్ వాసి

పై సలహాలతో నాకు సగమే ఏకీభావం. బెంగళూరు వంటి నగరంలో కొన్ని చిన్న కుక్కలను జీవితాంతం విప్పకపోయినా నష్టమేమీ లేదని నా అభిప్రాయం. కుక్కకు కావలసింది పరుగు ఒక్కటే కాదు. 5 మీటర్ల తాడుతో, తొందరపెట్టకుండా, ప్రతి చెట్టు మొదలూ వాసన చూడనిస్తూ నడిపిస్తే అది పొందే తృప్తి తక్కువేమీ కాదు. మా షిట్జు జాతి చిన్న కుక్క అలాగే పెరిగింది. ఎంత శిక్షణ పొందిన కుక్క అయినా దీపావళి టపాసులకో, వినాయక నిమజ్జనం డప్పులకో బెదిరితే దిక్కు తోచక పరుగెడుతుంది, ఆ క్షణంలో ఏ పిలుపూ దాని చెవికెక్కదు. మైక్రోచిప్ వేయించాము కదా అని ధీమా పడేవారు, అది కుక్క ఎక్కడుందో చూపే పరికరం కాదని గుర్తుంచుకోవాలి. దొరికిన కుక్కను స్కానర్‌తో చూసినప్పుడు కనిపించే 15 అంకెల సంఖ్య మాత్రమే అది. హార్నెస్‌కు ఫోన్ నంబరు ఉన్న బిళ్ల తప్పక కట్టండి.

చట్టం సంగతీ ఉంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, తన దగ్గరున్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు గానీ తీవ్ర గాయం గానీ కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోని వ్యక్తికి 6 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మీ కుక్క ఎవరినీ కరవనక్కరలేదు, స్కూటరుకు అడ్డంగా పరుగెత్తితే చాలు, పడేది మనిషే.

బెళ్ళందూరు నివాసి

అందరికీ కృతజ్ఞతలు. ఖాళీ లేఅవుట్ ఆలోచన విరమించుకున్నాము. మరొక సందేహం: లీష్‌తో నడిపిస్తుండగానే వీధి కుక్కలు గుంపుగా ఎదురైతే మా పిల్లను ఎత్తుకోవడం మంచిదా, కింద ఉంచడం మంచిదా?

హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్ వాసి

ఈ విషయంలో శిక్షకులే రెండు రకాలుగా చెబుతారు. ఎత్తుకుంటే వీధి కుక్కలు మీ మీదికి ఎగిరే అవకాశం ఉంది. కింద ఉంచితే 6 కిలోల కుక్కకు ఆత్మరక్షణ లేదు. అవి దూరంగా ఉండగానే దారి మార్చుకోవడం అన్నిటికంటే ఉత్తమం, ఎందుకంటే వీధి కుక్కల గుంపుకు తామున్న వీధే హద్దు, దాన్ని దాటి సాధారణంగా వెంటాడవు. తప్పనిసరై దగ్గరకు వస్తే నేను ఎత్తుకోవడం వైపే మొగ్గుతాను. ఒక చేయి ఛాతీ కింద, మరో చేయి వెనుక భాగం కింద ఉంచి, వెన్ను వంగకుండా ఎత్తి, పరుగెత్తకుండా, అరవకుండా, వాటికి పూర్తిగా వీపు చూపకుండా నెమ్మదిగా పక్కకు జరగండి. మీ అత్తగారు నడిపించేటప్పుడు మామూలు పొట్టి లీషే ఇవ్వండి. పొడవాటి తాడు కాళ్లకు చుట్టుకుంటే పెద్దవారు పడిపోయే ప్రమాదం ఉంది.