వివరింపదగున్: విప్పి చూడడమా, విప్పి చెప్పడమా?

కొత్తచదువరి:
సుమతీ శతకంలోని ‘వినదగు నెవ్వరు చెప్పిన’ పద్యం రెండో పాదం మీద మా ఇంట్లో పది రోజులుగా తగవు నడుస్తోంది. మా కుటుంబ వాట్సాప్ బృందానికి నియమంగా మొదటి రెండు పాదాలనూ పైన రాసిపెట్టే పని నాకు అప్పగించారు. చిన్నప్పుడు ‘విన్నంతనె వేగపడక’ అని అప్పజెప్పినట్టు నాకు గుర్తు. మా పెదనాన్నగారేమో ‘వినినంతనె వేగపడక వివరింపదగున్, కని కల్ల నిజము దెలిసిన మనుజుడె నీతిపరుడు’ అని పద్యం చదివి, ‘వినినంతనె’యే సరి అంటారు. అంతకంటే పెద్ద చిక్కు పాదం చివరి మాటతో వచ్చింది. వివరింపదగునని పద్యమే చెబుతోంది కదా అని, వచ్చిన ప్రతి ఫార్వర్డ్ కిందా ఆయన పేజీడు వివరణ రాస్తున్నారు. ఆయన పొరపడ్డారని నేను అనలేను, అలాగని ఒప్పుకోనూ లేను. పెద్దలెవరైనా చెప్పండి.

గణవిభజన:
మొదటి చిక్కుకు నిమిషం కూడా పట్టదు. ఈ పద్యం ఛందస్సు కందం. కందంలో మొదటి పాదం లఘువుతో, అంటే ఒక్క మాత్ర పట్టే పొట్టి అక్షరంతో, మొదలైతే తక్కిన మూడూ లఘువుతోనే మొదలుకావాలి. వినదగు, కని, మనుజుడె అన్నీ లఘువుతో మొదలైనవే కాగా, ‘విన్నంతనె’ అంటే మొదటి అక్షరం రెండు మాత్రల గురువైపోతుంది. పైగా ప్రాసస్థానంలో, అంటే పాదం రెండో అక్షరంలో, ఒంటి నకారం ఉండవలసిన చోట ద్విత్వం వచ్చి కూర్చుంటుంది. అయితే రెండు రూపాలకూ మాత్రలు ఆరే కనుక, పైకి చదివేటప్పుడు చెవికి తేడా తగలదు. అందుకే మీవంటివారు చాలామంది నిశ్చింతగా తప్పు అప్పజెబుతుంటారు.

అరసున్న:
గణవిభజన గారు ప్రాస దగ్గరే ఆగిపోయారు గాని, ఆ పాదంలో నిజంగా చూడవలసిన అక్షరం ‘దగున్’లోని దకారం. వివరింపన్ అనేది ద్రుతాంతం, అంటే చివర ద్రుతమనే నకారం ఉన్న మాట. దాని మీద తగున్ చేరితే, ‘ద్రుతప్రకృతికముమీఁది పరుషములకు సరళములగు’ అని బాలవ్యాకరణంలో చిన్నయసూరి చెప్పినట్టు, పరుషమైన (క చ ట త పల్లో ఒకటైన) తకారం సరళమైన (గ జ డ ద బల్లో ఒకటైన) దకారమై ‘వివరింపఁదగున్’ అవుతుంది. అరసున్న అచ్చులోంచి వెళ్ళిపోయినా, అది నడిచిన గుర్తుగా ఈ దకారం మిగిలింది. ఈ మధ్య ‘చెప్పుకోతగ్గ’, ‘చూడతగిన’ అని రాసేవారు ఆ గుర్తును కూడా చెరిపేస్తున్నారు. కొత్తచదువరి గారూ, మీరు ఏ రూపం రాసినా ‘వివరింపతగున్’ అని మాత్రం రాయకండి.

పాతబడి:
అరసున్న గారి ఆవేదన అర్థమైంది గాని, అది సగం దూరమే వెళ్ళింది. అదే పద్యం మూడో పాదంలో ‘నిజము దెలిసిన’ అని ఉంది, అక్కడా పోయిన ద్రుతమే దకారాన్ని తెచ్చింది. ఈనాడు మనమంతా ‘నిజం తెలిసిన’ అని రాస్తాం, ఎవరికీ నొప్పి కలగదు. ఒక చోట ద్రుతాన్ని మరిచిపోవడం వాడుక అయితే, ఇంకో చోట మరిచిపోవడం అపరాధం ఎలా అవుతుంది? అన్నట్టు, మా బడిలో ఆ మూడో పాదాన్ని ‘కనికల్ల’ అని ఒక్క ఊపిరిలో చదివించేవారు. ‘కని’ వేరు, ‘కల్ల’ వేరు అని నాకు తెలిసేసరికి నా పిల్లలు అదే పద్యం అప్పజెబుతున్నారు. కల్ల అనే మాట ఒంటరిగా ఇప్పుడు అంతగా వినబడదు. కల్లాకపటంలోనూ కల్లబొల్లిలోనూ తలదాచుకుంది.

అరసున్న:
‘చెప్పుకోదగ్గ’ అతుక్కుపోయిన ఒకే మాట, ‘నిజం తెలిసిన’ విడిగా ఉన్న రెండు మాటలు. రెంటినీ ఒకే గాట కట్టడం న్యాయం కాదు.

విడమరుపు:
మీరు దకారం దగ్గర ఉండగా అడిగిన ప్రశ్న చల్లారిపోతోంది. సంస్కృతంలో వివరం అంటే రంధ్రం, బిలం, తెరుచుకున్న చోటు. వివరణ అంటే మూసి ఉన్నదాన్ని తెరవడం. తెరిచినదాన్ని తాను చూడవచ్చు, పక్కవారికి చూపనూ వచ్చు. ఈనాటి వాడుక రెండోదాన్నే ఉంచుకుంది, పద్యం మాత్రం మొదటిదాన్ని చెబుతోందని నా అభిప్రాయం. వేగపడక అన్న తరువాత, కల్లో నిజమో తెలియకముందు చేసే పని పరిశీలన కాక మరేమవుతుంది? కల్లో నిజమో తేలకుండానే ఇతరులకు విడమరచి చెప్పేవాణ్ణి నీతిపరుడు అనరు కదా.

పాతబడి:
అదే నిజమైతే మూడో పాదంలోని ‘కని’ పునరుక్తి అవుతుంది. పరిశీలన ‘కని’లోనే ఉంది. కనుక ‘వివరింప’ అంటే విన్నదాన్ని ముక్కలుగా విడదీసి, ఎవరితో అయినా చర్చించడం కావచ్చు. పెదనాన్నగారి వైపు కూడా కొంత బలం ఉంది. లేదా అక్కడ మొదట ‘విచారింపదగున్’ అని ఉండి, నోటినోట మారిందేమో.

గణవిభజన:
విచారింపదగున్ అంటే తొమ్మిది మాత్రలు. రెండో పాదానికి ఉన్నవి మొత్తం 20. అందులో నాలుగేసి మాత్రల మొదటి మూడు గణాలు 12 తీసుకుంటే మిగిలేవి ఎనిమిదే. ఒక్క మాత్ర మిగిలిపోయి బయట నిలబడుతుంది. యతికి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరడానికి, ‘వి’ కావాలి, నాలుగు మాత్రల్లో ‘వివరిం’ చక్కగా ఇమిడింది. కవి అర్థం కంటే ముందు ఆ సౌకర్యాన్నే చూసుకున్నాడేమోనని నాకు అనుమానం. అదీగాక విచారించు అనే మాట కూడా సుఖంగా లేదు. ‘విచారిస్తున్నాం’ అని ఎవరైనా ప్రకటన ఇస్తే, వారు ఆరా తీస్తున్నారో, బాధపడుతున్నారో ముఖం చూస్తే తప్ప తెలియదు.

పోతనభక్తుడు:
ఆలస్యంగా వచ్చాను, మన్నించండి. వినికిడి మాటను ఎలా పట్టుకోవాలో చెప్పడానికి తెలుగుకు ఇంత తర్కం అక్కరలేదు, ‘ట’ ఒక్కటి చాలు. పోతన ‘పలికెడిది భాగవతమట’ అని మొదలుపెట్టి, పలికించేవాడు రామభద్రుడట, పలికితే భవహరమవుతుందట అని మూడు పాదాల్లో మూడుసార్లు అట అంటాడు. నాలుగో పాదంలో ‘పలికెద’ అన్నప్పుడు మాత్రం అట లేదు, ఎందుకంటే అది విన్నమాట కాదు, సొంత నిశ్చయం. ఇంతకంటే నిజాయితీగా రాసిన కందం నాకు కనబడలేదు. ఈనాటి ఫార్వర్డ్‌ల సంగతి చూడండి: ఒకరు ‘మూసేస్తారట’ అని రాస్తే, రెండో చేతికి అది ‘మూసేస్తారు’ అవుతుంది, మూడో చేతికి ‘మూసేశారు’ అవుతుంది. మోసుకువెళ్ళేటప్పుడు మొదట జారిపోయేది ఆ ‘ట’యే.

అరసున్న:
భక్తుడు గారు పోతనను తలచుకున్నారు గాని, ఆయన అరసున్నను పారేశారు. అది ‘అఁట’. అరసున్న నిండుసున్నకు తమ్ముడు కనుక, ‘వచ్చాడంట’ అనేవారిని మోటుగా మాట్లాడుతున్నారని నవ్వే మనమే పాత ధ్వనిని పోగొట్టుకున్నాం, వారు నిలబెట్టుకున్నారు.

పోతనభక్తుడు:
కీబోర్డులో అరసున్న ఎక్కడుందో వెతికే ఓపిక లేక వదిలేశాను. భక్తిలో లోపం లేదు.

కొత్తచదువరి:
అందరికీ కృతజ్ఞతలు. వినినంతనె అనే రాశాను, దకారాన్ని ఉంచాను, అరసున్న గారి కోసం వెతికి అరసున్న కూడా పెట్టాను. అర్థం విషయంలో నేనేమీ అనకుండా, ఈ చర్చ మొత్తం పెదనాన్నగారికి పంపాను. ఆయన ఆసాంతం చదివి, ఇందులో స్పష్టత తక్కువగా ఉంది కనుక తానే అందరికీ వివరిస్తానన్నారు. ఈ ఉదయం బృందంలో ఆయన వ్యాసం వచ్చింది. ‘వివరింప అంటే పరిశీలించడమట’ అని మొదలుపెట్టారు. ‘ట’ను మాత్రం వదల్లేదు.